ఉంబర్‌వాడి దూడల కేసు

ఫిబ్రవరి నెలాఖరున ఒక గురువారం, ఉదయం తొమ్మిదైనా కాకముందే వత్సలా చౌగులే కొల్హాపూర్ షాహుపురిలో ఉన్న సులభా హుక్కేరి ఆఫీసు మెట్లెక్కింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఒంటి మీద ఖరీదైన చీరే ఉంది కానీ కాళ్లకు పేడ అంటుకునే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రేపు పదింటికి మా ఊరి పాల సంఘంలో పంచాయతీ ఉంది తాయీ. ఈలోగా మీరు రావాలి. లేకపోతే ఒక మనిషి ప్రాణం పోతుంది" అంది.

సులభ ఆమెకు గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది. సులభకు యాభై రెండేళ్లు. పద్దెనిమిదేళ్లు పశువుల డాక్టరుగా సర్కారు కొలువు చేసి, ఒక పెద్దమనిషి బావమరిది ఎద్దుకు దొంగ సర్టిఫికెట్ రాయనన్నందుకు ఆ కొలువు వదులుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అయింది. ఇన్సూరెన్సు కోసం చంపిన గేదెల కేసులు సగం, ఇల్లు విడిచిపోయిన మొగుళ్ల కేసులు సగం వస్తుంటాయి. మొగుళ్ల కంటే గేదెలే త్వరగా నిజం చెబుతాయని ఆవిడ అంటుంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు ఆవిడ అసిస్టెంటు గణపత్ తోడ్కర్ ఒక్కడే.

వత్సల చెప్పింది ఇదీ. మొగుడు పోయాక పాడి తనే చూసుకుంటోంది. ఆరు వారాల్లో ఏడు ఆవులు ఈనాయి. నాలుగు దూడలు నీళ్ల విరేచనాలతో పారుకుని చచ్చిపోయాయి, అందులో మూడు పెయ్యలు. ఐదోది నిన్నటి నుంచి లేవడం లేదు. మరిది రణజిత్ పాల సంఘం చైర్మన్ పదవికి నిలబడ్డాడు. వచ్చే ఆదివారమే ఎన్నిక. అవతలి పక్షం వాళ్లు తన పరువు తీయడానికి కొట్టంలో పనిచేసే బిరూ లవటేతో దూడలకు విషం పెట్టించారని అతను ఊరంతా చెప్పాడు. సోమవారం సంఘం ముందు బిరూని స్తంభానికి కట్టి కొట్టారు. ఎడమ చెయ్యి విరిగింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"వాడి గుడిసెలోనే. ఊరు దాటకుండా ఇద్దరు కుర్రాళ్లని కాపలా పెట్టారు. రేపు పంచాయతీలో ఒప్పుకోకపోతే రెండో చెయ్యి కూడా విరుస్తామంటున్నారు. ఒప్పుకుంటే పోలీసులు."

"మీరేమనుకుంటున్నారు? చేశాడా?"

వత్సల గ్లాసు బల్ల మీద పెట్టింది. "పదకొండేళ్లుగా మా ఇంట్లో ఉన్నాడు. నాకు తెలీదు తాయీ. తెలుసుకోవడానికే వచ్చాను" అంది.

సులభ లేచి చెక్కపెట్టె తీసుకుంది. "తోడ్కర్, సెలైన్ సీసాలు ఆరు పెట్టు. సోడా కలిపినవి కూడా" అంది.

ఉంబర్‌వాడి దూధ్‌గంగ ఒడ్డున చెరుకు తోటల మధ్య ఉంది. ఊరి మొగలో రణజిత్ చౌగులే నిలువెత్తు బొమ్మ చేతులు జోడించి నిలబడింది. చౌగులేల కొట్టం తలుపు మీద కూడా ఆ నవ్వుముఖమే ఇంకో కాగితం మీద అంటించి ఉంది. దాని కింద 'పాడి రైతుకు పది సూచనలు' అని అచ్చేశారు. సులభ కళ్లజోడు పెట్టుకుని ఆ పదీ చదివింది. తోడ్కర్‌కి ఒక్కటి చదివేసరికే ఆవలింత వచ్చింది.

వత్సల అత్తగారు హౌసాబాయి గుమ్మంలోనే ఎదురైంది. డెబ్బై దాటినా నడుము వంగని మనిషి.

"ఎండన పడి వచ్చారు, ముందు నోరు తీపి చేసుకోండమ్మా. చచ్చిన దూడలు ఎటూ పోవు" అంటూ రెండు పళ్లేల్లో జున్ను పెట్టింది. బెల్లం, ఏలకులు, జాజికాయ వేసి ఆవిరి మీద ఉడికించిన జున్ను. ముక్క కోస్తే అంచు నిలబడింది.

తోడ్కర్ తన పళ్లెం ఖాళీ చేసి, సులభ ముట్టని పళ్లెం వైపు చూశాడు. సులభ దాన్ని అతని ముందుకు జరిపింది.

"ఎప్పటి పాలు ఇవి?" అనడిగింది మామూలుగా.

"ఆరు రోజుల కింద ఈనింది కదా, కపిల. దూడ తాగాక మిగిలినవే. ఫ్రిజ్‌లో పెట్టాం. మా రణజిత్‌కి చుట్టాలు, మనుషులు ఎక్కువ. అందరికీ మా ఇంటి జున్నే కావాలి" అంది ముసలావిడ గర్వంగా.

అప్పుడే రణజిత్ వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టలు, వెనకాల నలుగురు. వంగి నమస్కారం పెట్టాడు.

"వదిన తొందరపడి మిమ్మల్ని శ్రమ పెట్టింది డాక్టర్ తాయీ. ఇందులో కనిపెట్టడానికి ఏముంది? విషం ఎవడు పెట్టాడో ఊళ్లో చంటిపిల్లాడిని అడిగినా చెబుతాడు."

"చంటిపిల్లల్ని తర్వాత అడుగుదాం. ముందు దూడని అడగనివ్వండి" అంది సులభ.

కొట్టం మూల గడ్డి మీద కపిలకి పుట్టిన ఆరు రోజుల పెయ్య పడి ఉంది. తోక కింద పచ్చటి నీళ్లు కారి ఎండిపోయాయి. సులభ చీర చెంగు దోపుకుని దాని పక్కనే కూర్చుంది. ముందు కన్ను చూసింది. గుడ్డుకీ రెప్పకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు వచ్చింది. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే ఆ మడత అలాగే నిలిచింది. తోడ్కర్ ఆరు అంకెలు లెక్కపెట్టాక గానీ అణగలేదు. చెవులు చల్లగా ఉన్నాయి. నోట్లో వేలు పెడితే నోరూ చల్లగానే ఉంది. దూడ చీకలేదు, కొరకనూ లేదు. వేలు అక్కడుందన్న సంగతి కూడా దానికి పట్టలేదు.

"విషమేనా మేడమ్?" అన్నాడు తోడ్కర్ మెల్లగా.

"ఇదే కొట్టంలో, ఇదే తొట్టి నీళ్లు తాగిన పెద్ద ఆవులు నెమరేస్తున్నాయి, చూడు. విషం వయసు చూసి పని చెయ్యదు. ఒంట్లో నీరు పోయింది, రక్తంలో ఆమ్లం చేరింది. ఇది పారుడే. కానీ పారుడు ప్రతి కొట్టంలోనూ వస్తుంది, అన్ని దూడలూ చావవు. ఇవే ఎందుకు చచ్చాయన్నదే ప్రశ్న."

మెడ దగ్గర వెంట్రుకలు కత్తిరించి, నరం నుంచి ఒక చిన్న సీసాడు రక్తం తీసింది. ఆ నరంలోకే సెలైన్ ఎక్కించింది. బతికి బట్టకట్టిన మిగతా రెండు దూడలూ పక్క గదిలో గెంతుతున్నాయి. వాటిని పట్టుకుని రక్తం తీయడానికి తోడ్కర్ రెండుసార్లు పేడలో జారాడు. రక్తం గడ్డకట్టి పైన తేట తేలేదాకా గంటన్నర ఆగారు. అప్పుడు సులభ పెట్టెలోంచి వెలుతురుకు ఎత్తి చూసే చిన్న గొట్టం లాంటి పరికరం తీసి, దాని గాజు మీద ఒక్కో చుక్కా వేసి కిటికీ వైపు తిరిగి చూసింది. వత్సల, హౌసాబాయి, రణజిత్, అతని నలుగురూ గుమ్మంలో నిలబడ్డారు.

"గెంతే రెండింటికీ ఆరు పాయింటు మూడు, ఆరు పాయింటు ఒకటి" అంది సులభ. "ఈ పెయ్యకి నాలుగు పాయింటు రెండు."

"అంటే?" అంది వత్సల.

"ఈ అంకె రక్తంలో ఉన్న మాంసకృత్తుల కొలత. మనిషి బిడ్డకి రోగాన్ని తట్టుకునే శక్తి తల్లి కడుపులోనే వస్తుంది. దూడకి రాదు. అదంతా తొలిసారి పిండే జున్నుపాలల్లోనే ఉంటుంది. పుట్టిన కొద్ది గంటల్లో అవి తాగితేనే ఆ బలం రక్తంలోకి వెళ్తుంది. ఒక రోజు గడిస్తే పేగు తలుపు మూసుకుంటుంది, ఇక ఎన్ని పాలు పట్టినా పాలే. ఐదున్నర దాటితే తాగినట్టు. పైగా ఈ పెయ్య ఒంట్లో నీరు పోయి రక్తం చిక్కబడింది కాబట్టి అంకె ఉన్నదానికంటే ఎక్కువే చూపించాలి. అయినా నాలుగు పాయింటు రెండే వచ్చింది. ఇది పుట్టాక ఒక్క చుక్క కూడా తొలిపాలు తాగలేదు."

రణజిత్ చెయ్యి చాచి తొడ మీద కొట్టుకున్నాడు. "విన్నారా! దూడలకి సీసా పట్టేది ఎవరు? బిరూ గాడే కదా! విషం పెట్టనక్కర్లేకుండానే చంపాడు దొంగవెధవ! పాలు వాడే తాగాడో, అమ్ముకున్నాడో! డాక్టర్ తాయీ, రేపు పంచాయతీలో ఇదే మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

వత్సల ముఖం పాలిపోయింది. బిరూని కాపాడటానికి తెచ్చిన మనిషే వాడి మెడకి ఉచ్చు బిగించినట్టయింది. సులభ మాత్రం దూడలకి పాలు పట్టే సీసా తెమ్మంది. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, పైన రబ్బరు పీక. అది తెల్లగా ఉండాల్సిన రబ్బరు. పసుపు పచ్చగా మారి, గోటితో గీకినా రంగు పోలేదు. సులభ దాన్ని ఎండలో తిప్పి చూసి, వాసన చూసి, చెక్కపెట్టెలో పెట్టుకుంది.

బిరూ గుడిసె ఊరి చివర, గొర్రెల దొడ్డి పక్కన ఉంది. కాపలా కుర్రాళ్లు ఫోనులో ఏదో చూసుకుంటూ వీళ్లని వదిలేశారు. బిరూ గొర్రెలు కాసే ధన్‌గర్ కులం మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. నల్ల గొంగళి కప్పుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. విరిగిన చేతికి వెదురు బద్ద, పాత చీరగుడ్డ కట్టి ఉన్నాయి. సులభని చూసి లేవబోయాడు.

"కూర్చో. దూడలకి తొలిపాలు పట్టావా?"

"పట్టాను తాయీ. ఒక్కదాన్ని కూడా వదల్లేదు. పుట్టిన గంటలోపే. ఎన్నింటికి పట్టానో కొట్టం గోడ మీద సుద్దతో గీసి ఉంచాను కూడా."

"పాలు పిండిందెవరు?"

"పెద్దమ్మగారు. తొలి పిండుడు ఆ ఇంట్లో బయటివాళ్లు చూడకూడదు, దిష్టి తగులుద్దంటారు. తలుపేసుకుని పిండుద్ది. మేం గొర్రెలోళ్లం కదా, మా కన్ను మరీ చెడ్డదంట." నవ్వబోతే చెయ్యి కదిలి ముఖం ముడుచుకున్నాడు. "సందులోంచి సీసా చేతికిస్తే నేను పట్టేవాణ్ణి."

"పాలు ఎలా ఉండేవి?"

"పచ్చగానే ఉన్నాయి తాయీ. కళ్లారా చూశాను."

"చిక్కగా?"

బిరూ ఆలోచించాడు. "ఏం చెప్పేది. సీసా వంచితే గబగబా దిగేవి. నాలుగు గుటకల్లో ఖాళీ చేసేసేవి దూడలు. మన ఆవులకి పాల జోరెక్కువేమో అనుకున్నాను. ఆ రెంటికి మాత్రం అరగంట పట్టింది. పీక సందుల్లో అడ్డం పడి, పిసికితే గానీ దిగలేదు."

"ఏ రెంటికి?"

"బతికినయ్యే. పెద్దమ్మగారు మాఘ ఏకాదశికని పండర్‌పూర్ పోయినప్పుడు ఈనాయి. అప్పుడు వత్సల వదినగారే పిండింది. తలుపు కూడా వెయ్యలేదు."

బయటికొచ్చాక తోడ్కర్ ఆగలేకపోయాడు. "మీకు తెలిసిపోయింది కదా మేడమ్! మీ ముఖం చూస్తేనే నాకు తెలిసిపోద్ది."

"నాకు తెలిస్తే సరిపోదు తోడ్కర్. నాలుగు పాయింటు రెండు అంటే ఈ ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. మధ్యాహ్నం చూశావుగా, అర్థమైనంత వరకూ బిరూ మీదికే తిప్పారు. వాళ్లకి తెలిసిన భాషలో చెప్పాలి. గౌరి అనే ఆవు పొదుగు దించింది, తెల్లారేసరికి ఈనుతుంది. రేపు ఉదయం పెద్దావిడ ఏం చేస్తే అది చెయ్యనిద్దాం. మనం నోరు మెదపొద్దు."

మర్నాడు ఆరున్నరకి గౌరి ఈనింది. మళ్లీ పెయ్యే. రణజిత్ అప్పటికే ఓట్లు అడగడానికి పక్క వాడకి వెళ్లిపోయాడు. హౌసాబాయి స్నానం చేసి, పొదుగుకి కుంకుమ బొట్టు పెట్టి, తలుపు వేసుకుంది. పావుగంటకి సందులోంచి ఇంకో సీసా బయటికొచ్చింది. బిరూ లేడు కాబట్టి వత్సల అందుకుంది. సులభ ఆమె చేతిలోంచి సీసా తీసుకుని, అందుకోసమే పిలిపించిన సంఘం కార్యదర్శి ఎదుట గుడ్డ చుట్టి ముడి వేయించింది. పెద్దావిడ తొలిపాల క్యాను రణజిత్ మనిషి మోటారుసైకిలు మీదికెక్కించి పంపాక, సులభ తనే గౌరి కింద కూర్చుంది. ముసలి చేతులు పొదుగు పూర్తిగా దింపలేవు. మిగిలినవి రెండు లీటర్లకి పైనే వచ్చాయి, తేనెలా చిక్కగా. ఒక గిన్నెడు పక్కన పెట్టి, మిగతా అంతా కొత్త పెయ్యకి పట్టింది. అరగంట పట్టింది.

పదింటికి సంఘం ఆవరణలో నూటయాభై మంది దాకా చేరారు. బిరూని తెచ్చి మొన్న కట్టేసిన స్తంభం దగ్గరే కూర్చోబెట్టారు. రణజిత్ కుర్చీలో కూర్చున్నాడు. హౌసాబాయికి బల్ల వేశారు. వత్సల గోడ వారన నిలబడింది. సులభ సంఘం టీపొయ్యి వెలిగించి, పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, అందులో రెండు చిన్న స్టీలు గిన్నెలు దించి మూత పెట్టింది.

"వంట చెయ్యడానికొచ్చారా తాయీ?" అని ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు.

"అవును. కార్యదర్శిగారూ, ఏ గిన్నెలో ఏముందో చెప్పండి."

"ఎడమ గిన్నెలో గౌరి పొదుగు నుంచి డాక్టరుగారు పిండినవి. కుడి గిన్నెలో దూడకి పట్టమని ఇచ్చిన సీసాలోవి. ముడి నేనే విప్పాను" అన్నాడు కార్యదర్శి.

"ఉడికేలోగా నాకు తెలిసింది చెబుతాను" అంది సులభ. "నాలుగు దూడలు చచ్చాయి. విషం కాదు. తొలిపాలు అందక, మామూలు పారుడుకే తట్టుకోలేక చచ్చాయి. బిరూ పాలు పట్టలేదని నిన్న అన్నారు. పట్టాడు. గంటలోపే పట్టాడు. కానీ వాడి చేతికి ఇచ్చిన సీసాలో ఏముందన్నది ఎవరూ అడగలేదు. ఈ పీక చూడండి. జున్నుపాలు పచ్చగా ఉంటాయి గానీ రబ్బరుకి రంగు అంటించవు. కడిగితే పోతాయి. కడిగినా పోని పచ్చ మన వంటింట్లో ఒకటే ఉంది. ఐదు దూడలు ఆ సీసాని నిమిషాల్లో ఖాళీ చేశాయి. రెండింటికి మాత్రం అరగంట పట్టింది. ఆ రెండూ పెద్దావిడ ఊళ్లో లేనప్పుడు పుట్టాయి. ఆ రెండే జబ్బు లేకుండా గెంతుతున్నాయి. వాటి రక్తమూ అదే చెప్పింది."

ఆవరణలో నవ్వు ఆగింది. సులభ మూత తీసి, పట్టకారుతో రెండు గిన్నెలూ బయటికి తీసింది. ఎడమ గిన్నెని బల్ల మీద బోర్లించింది. జున్ను గిన్నె ఆకారంలోనే కదలకుండా నిలిచింది. కుడి గిన్నెని వంచింది. పసుపు వాసన వేస్తూ పలచటి పచ్చపాలు బల్ల మీద నుంచి కారి నేల మీద పడ్డాయి. ఆ ఊళ్లో జున్ను ఎలా గడ్డకడుతుందో తెలియని మనిషి లేడు.

"ఇది నిన్న సాయంత్రం పాలకి పసుపు కలిపింది. అవునా పెద్దమ్మగారూ?"

హౌసాబాయి తడబడలేదు. "అవును. దానికేం? పుట్టిన పసిదానికి అంత చిక్కటి పాలు అరుగుతాయా? పారుకుంటుంది. మా అమ్మా అంతే చేసేది. మాయ పడ్డాక, మర్నాడు తల్లి దగ్గర వదిలేవాళ్లం. పసుపు కడుపుకి మంచిది."

"మీ అమ్మగారి రోజుల నాటు ఆవుదూడ మీ కళ్లు కప్పి తనే తల్లి దగ్గర చీకేసేది. ఈ దూడని పుట్టగానే విడిగా కట్టేస్తున్నారు. సరే, మీకు తెలియక చేశారు. పసుపు కలపమన్నదెవరు?"

"రణజిత్" అంది ఆవిడ వెంటనే. దాచాలన్న ఊహే ఆవిడకి లేదు. "తెల్లపాలు చూస్తే బిరూ గాడు ఊరంతా చాటుతాడన్నాడు. తొలిపాలన్నీ రణజిత్‌కే పంపేదాన్ని. ఎన్నికలు కదా, ఇంటింటికీ జున్ను పంపాలి. ఒక క్యాను తొలిపాలకి రెండు క్యాన్లు మామూలు పాలు కలిపితే నలభై ఇళ్లకి వస్తుంది."

"అమ్మా, ఊరుకో!" అన్నాడు రణజిత్.

"ఎందుకు ఊరుకోవాలి? దొంగతనం చేశానా? రెండో దూడ పోయినప్పుడు నేనే అడిగాను కదరా, పోనీ ఈ పాలు దూడకే ఇద్దామా అని. 'ఎన్నిక దాకా ఓపిక పట్టమ్మా, తర్వాత నీ ఇష్టం' అన్నది నువ్వు కాదూ?"

సులభ చీర మడతలోంచి కొట్టం తలుపు మీది కాగితం తీసి మొదటి సూచన చదివింది. "'పుట్టిన రెండు గంటల్లో దూడకు తొలిపాలు తాగించండి. తాగని దూడ బతకదు.' కింద మీ బొమ్మ ఉంది రణజిత్‌గారూ. మీ అమ్మగారికి చదువు రాదు. మీకొచ్చు. రెండో దూడ పోయినప్పుడే ఎందుకు పోయిందో మీకు తెలుసు. తర్వాత ఇంకో రెండు పోనిచ్చారు. ఊరు అడగడం మొదలుపెట్టేసరికి ఒక గొర్రెలవాణ్ణి చూపించారు."

రణజిత్ లేచాడు. ఎక్కడికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. తోడ్కర్ సులభ వైపు దేవుణ్ణి చూసినట్టు చూశాడు, ఆ వెంటనే నిన్న తిన్న రెండు పళ్లేలూ గుర్తొచ్చి తల దించుకున్నాడు. ఆవరణలో ఆ ఒక్కడికే కాదు, అందరికీ గుర్తొచ్చింది. స్తంభానికి తాడు కట్టినవాళ్లూ, కర్ర తెచ్చినవాళ్లూ, చూస్తూ నిలబడినవాళ్లూ ఆ నలభై ఇళ్లవాళ్లే.

ఇక్కడ సిగ్గుపడి ఊరు మారిపోయిందని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. ఒక పెద్దమనిషి తలపాగా సర్దుకుంటూ లేచాడు.

"పెద్దావిడ చంపాలని చేసిందా ఏంటి? ఇంటి సంగతి ఇంట్లోనే తేల్చుకుంటారు. పోయినవి దూడలే కదా."

సోమవారం నాడు ఆ దూడల కోసమే ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టారు. శుక్రవారానికి అవి దూడలే అయిపోయాయి. పోలీసుల మాట ఎవరూ ఎత్తలేదు. కార్యదర్శి బల్ల తుడిపించాడు. పదకొండు కొట్టేసరికి ఆవరణ ఖాళీ అయింది. బిరూ దగ్గరికి వెళ్లి ఒక్క మాట అన్నవాడు లేడు. వాడు కూర్చున్న వైపు నుంచి గేటుకి దగ్గరదారి ఉన్నా అందరూ చుట్టు తిరిగి వెళ్లారు.

సులభ, తోడ్కర్ కొట్టానికి తిరిగొచ్చారు. సెలైన్ ఎక్కించిన పెయ్య వెనకకాళ్లు ఎత్తి లేవబోయి పడింది. నోట్లో వేలు పెడితే ఈసారి చీకింది, బలహీనంగానే. బతుకుతుంది. బిరూ వాళ్ల వెనకే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. దూడ లేవబోవడం చూసి వాడి ముఖం విప్పారింది.

"వదినగారూ, సాయంత్రం నుంచి పనిలోకి రానా? ఒక చెయ్యి చాలు, సీసా పట్టుకోవడానికి" అన్నాడు.

వత్సల చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "నువ్వు ఇంకెక్కడైనా పని చూసుకో బిరూ" అంది చివరికి.

సులభ గిర్రున తిరిగింది. "ఏమన్నారు? వీడి కోసం కాదూ మీరు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది? వీడి తప్పు ఆవగింజంత కూడా లేదని తేలిందిగా!"

"తేలింది కాబట్టే తాయీ." వత్సల ఏడుస్తోంది. "సోమవారం వీణ్ణి కొడుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. నా వైపే చూసి అరిచాడు, వదినగారూ, మీరైనా చెప్పండని. నిజంగానే చేశాడేమో అనుకుని లోపలికెళ్లి తలుపేసుకున్నాను. చేసి ఉంటే నాకు మనశ్శాంతిగా ఉండేది. రోజూ తెల్లారి వచ్చి ఆ చేత్తో నా దూడలకి పాలు పడుతుంటే నేనెలా చూడను? నాకంత గుండె లేదు."

సులభ కోపంగా చెక్కపెట్టె మూత వేసింది. పద్దెనిమిదేళ్లు పశువుల మధ్య, ఆ తర్వాత పన్నెండేళ్లు మనుషుల మధ్య పనిచేసి కూడా ఇలాంటి చోటికి వచ్చేసరికి ఆవిడకి ఇంకా కొత్తగానే ఉంటుంది.

బిరూ మాత్రం గొంతు పెంచలేదు. పెయ్య వైపు చూపించి వత్సలతో అన్నాడు. "దానికి ముందు వేలు చీకనిచ్చి తర్వాత పీక పెట్టండి. ఒక్కసారే పెడితే తాగదు. పొద్దు వాలాక ఇంకోసారి పట్టండి."

గొంగళి భుజాన వేసుకోవడానికి ఒక చేత్తో తంటాలు పడ్డాడు. తోడ్కర్ సాయం రాబోతే వద్దన్నట్టు తల ఊపి, పళ్లతో అంచు పట్టుకుని తనే వేసుకున్నాడు. వెళ్తూ సులభ ముందు ఆగాడు.

"మీరు మంచి చేశారు తాయీ, కాదనను. కానీ నేను చేశానని అనుకున్నన్నాళ్లూ ఊరు దాటి పోకుండా కాపలా పెట్టారు. చెయ్యలేదని తేలింది, పొమ్మంటున్నారు. నాకు ఏది మేలో మీరే చెప్పండి" అన్నాడు.

నిజంగానే అడిగాడు, ఎత్తిపొడవలేదు. జవాబు కోసం కాసేపు నిలబడ్డాడు కూడా. వాడు నమస్కారానికి లేవని రెండో చేతిని ఒకసారి చూసుకుని, ఒక్క చెయ్యే నుదుటికి ఆనించి వెళ్లిపోయాడు.